సీసాలో మిగిలింది

మా ఇంటికి ఎవరొచ్చినా నాన్న మొదట అడిగే మాట, "కాఫీ తాగుతారా, కూల్ డ్రింక్ తాగుతారా?" అని. అడిగేది నాన్న, లేచేది అమ్మ. కాఫీ అంటే పొయ్యి వెలిగించాలి, డికాషన్ ఉందో లేదో చూసుకోవాలి, ఉన్న పాలు రాత్రికి కూడా సరిపోతాయా అని లెక్కేసుకోవాలి. కూల్ డ్రింక్ అంటే మాత్రం నన్నో తమ్ముణ్ణో వీధి చివర కొట్టుకి పరిగెత్తించడమే. అందుకని వచ్చినవాళ్లు "ఎండగా ఉంది, కూల్ డ్రింకే చాల్లెండి" అంటే అమ్మ ముఖం కాస్త తేటపడేది. తెనాలి దగ్గర మా ఊళ్లో, తొంభైల చివరి నాటి సంగతి ఇది.

అమ్మ షోకేసులోంచి గాజు గ్లాసులు తీసి, కడిగి, అన్నిట్లోనూ సమానంగా పోసి, పళ్లెంలో పెట్టి నాచేత హాల్లోకి పంపేది. నేను ఖాళీ పళ్లెంతో తిరిగొచ్చేసరికి వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, సీసా అడుగున మిగిలిన రెండు గుక్కలు ఎత్తిపోసుకుంటూ కనిపించేది. నాకు తెలిసి అమ్మ ఎప్పుడూ కూల్ డ్రింకుని గ్లాసులో పోసుకుని, కూర్చుని తాగలేదు. ఆ రెండు గుక్కలు నిజంగా మిగిలేవో, ఆవిడే లెక్కగా మిగుల్చుకునేదో అప్పుడు నాకు తట్టలేదు.

1977లో కోకా కోలా దేశం వదిలి వెళ్లడం, అదే ఏడాది థమ్సప్ రావడం, 1993లో కోకా కోలా తిరిగొచ్చి థమ్సప్‌ని కూడా కొనేసుకోవడం... ప్రపంచీకరణ మీద వచ్చిన వ్యాసాల్లో ఇవన్నీ చదువుకున్నాం. ఆ విమర్శతో నాకు పేచీ లేదు. కానీ మా వంటింట్లోంచి చూస్తే ఆ సీసాకి ఇంకో అర్థం కూడా ఉంది. మా అమ్మ పొయ్యి వెలిగించక్కర్లేకుండా జరిగిన మొదటి మర్యాద అది.

నా విషయానికొస్తే, 2012లో హైదరాబాదులో పరిశోధనకి చేరాక కోలా నాకు అలవాటయింది. తెలుగు స్త్రీల కవిత్వంలో వంటిల్లు నా అంశం. విమల 'వంటిల్లు' కవిత దగ్గర మొదలుపెట్టి వెనక్కీ ముందుకీ వెళ్లాలని నా ప్లాను. రాత్రి పన్నెండింటికి మా తోటి మగ స్కాలర్లు బయట టీ బడ్డీ దగ్గర గుంపుగా నిలబడి ఫూకో నుంచి క్రికెట్ దాకా మాట్లాడుకునేవాళ్లు. మా హాస్టల్ గేటు తొమ్మిదిన్నరకే పడిపోయేది. సాయంత్రం కొని తెచ్చిపెట్టుకున్న 600 మి.లీ. సీసాయే నా టీ బడ్డీ. దాన్ని నాకోసం ఇంకో ఆడమనిషి కాచి ఇవ్వలేదు. నేను ఎవరికీ పంచి ఇవ్వక్కర్లేదు. మూత తిప్పగానే వచ్చే ఆ 'స్‌స్' చప్పుడు నా గదీ, నా టైమూ నావే అని చెప్తున్నట్టు ఉండేది. వంటింటి చాకిరీ మీద నేను రాసిన అధ్యాయాలన్నీ ఆ సీసా పక్కన పెట్టుకుని రాసినవే. థీసిస్ అయిపోయింది కానీ సీసా పోలేదు. ఉద్యోగంలోకీ, పెళ్లిలోకీ నాతోపాటే వచ్చింది.

అమ్మకి షుగర్ వచ్చిన సంగతి 2006లో బయటపడింది. మన భాషలో ఈ మాట గమనించారా? డబ్బాలో ఉన్నంతసేపూ అది పంచదార. తెలంగాణలో, రాయలసీమలో చక్కెర. ఒంట్లో చేరాక మాత్రం షుగర్. తినేదానికి ఒక పేరు, దానివల్ల పెరిగే జబ్బుకి ఇంకో పేరు పెట్టుకుని, ఆ రెండింటికీ చుట్టరికమే లేనట్టు బతికేస్తున్నాం. "మీ అమ్మకి షుగర్, కాస్త పంచదార తగ్గించి పాయసం చెయ్యమను" అనేవారు నాన్న. చెయ్యమనేది అమ్మనే.

రెండేళ్లకి నాన్నకీ వచ్చింది. ఆయనకి పొద్దున రాగిజావ, రాత్రికి జొన్నరొట్టె, టైముకి బిళ్ల, ఇవన్నీ అమ్మ చూసేది. అమ్మకి మాత్రం ఎవరూ ఏమీ చేసిపెట్టలేదు. 'అది తినకు, ఇది తాగకు' అని మాత్రం అందరూ చెప్పేవాళ్లు. నాన్న షుగర్ అమ్మకి పనయింది. అమ్మ షుగర్ అమ్మ తప్పయింది. ఆ తప్పుని పట్టుకోవడంలో నేనే అందరికంటే ముందున్నాను. ఒకసారి సెలవులకి వెళ్లినప్పుడు పప్పు డబ్బాల వెనక చిన్న కూల్ డ్రింక్ సీసా దొరికింది. దాన్ని అందరి ముందూ ఎత్తి చూపించి, "నీకు చెప్పీ చెప్పీ మా నోళ్లు పోతున్నాయి, సిగ్గులేదా అమ్మా?" అన్నాను. అమ్మ ఏమీ అనకుండా సీసా నా చేతిలోంచి తీసుకుని సింకులో వంపేసింది. ఆ పూట నా బ్యాగులో, బస్సులో తాగగా సగం మిగిలిన సీసా ఉంది. అది ఎవరికీ తప్పుగా కనిపించలేదు, నాక్కూడా.

అమ్మ 2019లో పోయింది. 2021లో నేను కడుపుతో ఉన్నప్పుడు ఆరో నెలలో పరీక్షకని 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇచ్చారు. అంత తీపి ఒక్కసారిగా తాగడం నాకేం కష్టం కాలేదు. పక్కనున్న అమ్మాయికి వాంతి వచ్చినంత పనైంది, నేను గటగటా తాగేశాను. రెండు గంటల తర్వాత రక్తంలో గ్లూకోజు 140 దాటింది. గర్భిణుల్లో వచ్చే ఈ షుగర్ కాన్పుతో చాలామందికి తగ్గిపోతుంది కానీ, తర్వాతి జీవితంలో అసలుది వచ్చే అవకాశాన్ని బాగా పెంచుతుంది. 2024లో మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయిస్తే 6.2 శాతం వచ్చింది. 5.7 నుంచి హెచ్చరిక, 6.5 నుంచి జబ్బు. "ఇంత చదువుకున్నారు, రోజుకో సీసా తాగుతారా?" అంది డాక్టరమ్మ. గొంతు ఆవిడదే గానీ, మాటలు నేను అమ్మతో అన్నవే.

ఆ రోజు మొదటిసారి సీసా వెనక లేబుల్ చదివాను. మామూలు కోలాలో 100 మి.లీ.కి పది గ్రాములకి పైగానే పంచదార ఉంటుంది. అంటే నా 600 మి.లీ. సీసాలో అరవై గ్రాములకి పైమాటే. పాలూ పండూ వదిలేసి మనం విడిగా కలుపుకునే తీపి రోజు మొత్తానికి పాతిక గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కవితలో ఒక్కో మాట మీద పేజీలు రాసిన దాన్ని, పన్నెండేళ్లు రోజూ చేత్తో పట్టుకున్న సీసా మీద నాలుగు లైన్లు చదవలేదు!

మొదట అందరూ చేసే పనే చేశాను. మామూలు కోలా మానేసి 'జీరో'కి మారాను. పంచదార లేని ఈ తీపి చరిత్ర చదువుతుంటే నవ్వొచ్చింది. 1879లో ఫాల్‌బెర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త లాబ్ నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలిందట, అది సాకరిన్. 1965లో జేమ్స్ ష్లాటర్ అనే ఆయన కాగితం తీయడానికి వేలు నాలుకకి అద్దుకుంటే తియ్యగా ఉందట, అది అస్పర్టేమ్. మా ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా అలా చేస్తే మొట్టికాయ పడేది.

నవ్వు రాని చరిత్ర కూడా ఉంది. 1963లో కోకా కోలా కంపెనీ 'టాబ్' అనే డ్రింకు తెచ్చింది. ఒళ్లు చూసుకునే ఆడవాళ్ల కోసం అని ప్రకటనలు. 1982లో డైట్ కోక్. 'డైట్' అంటే ఆడవాళ్ల వ్యవహారమని మగవాళ్లు ముట్టుకోవడం లేదని 2005లో ఆ మాట తీసేసి 'జీరో' అన్నారు. తీపి కోరుకోవడం తప్పని మనకి నేర్పేదీ, తప్పు లేని తీపి ఇదిగో అని అమ్మేదీ ఒకే బజారు.

క్యాన్సర్ భయం సంగతి కూడా చెప్పాలి. 2023 జూలైలో అస్పర్టేమ్‌ని 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే జాబితాలో చేర్చారు. ఆ ఆధారాలు పరిమితమేనని కూడా చెప్పారు. రోజుకి కిలో బరువుకి 40 మిల్లీగ్రాముల పరిమితిని నిపుణుల కమిటీ అదే నెలలో అలాగే ఉంచింది. డెబ్బై కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకి తొమ్మిది నుంచి పద్నాలుగు డైట్ క్యాన్లు తాగాలి. అంతకుముందు మే నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మాట చెప్పింది. బరువు అదుపుకి ఈ తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని, దీర్ఘకాలంలో వాటివల్ల ఒంట్లో కొవ్వు తగ్గుతున్నట్టు కనబడలేదని. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి ఈ సలహా వర్తించదు. నా అనుభవం చిన్నదే. జీరో తాగినన్నాళ్లూ నా నాలుక మునుపటంత తీపినీ అడుగుతూనే ఉంది. సీసా మారింది గానీ అలవాటు మారలేదు.

ఆ రోజుల్లోనే, 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన కథనం చదివాను. మహారాష్ట్ర చెరకు తోటల్లో పనిచేసే స్త్రీల గురించి. బీడ్ జిల్లా నుంచి ఏటా కుటుంబాలు చెరకు కొట్టడానికి వలస వెళతాయి. భార్యాభర్తలిద్దర్నీ కలిపి ఒక 'కోయ్‌తా' అని లెక్కేస్తారు. కోయ్‌తా అంటే కొడవలి. అక్కడ ఆడమనిషికి విడిగా లెక్కే లేదు, సగం కొడవలి ఆవిడ. అడ్వాన్సు ముందే తీసుకుని ఉంటారు, ఒక్కరోజు పని మానినా జరిమానా. తోటల్లో మరుగుదొడ్లుండవు, నెలసరికి నీళ్లుండవు. ఈ బాధ పడలేక, పని పోగొట్టుకోలేక, చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎందరో. 2019లోనే ఇది బయటికొచ్చి, ఆ రాష్ట్ర ప్రభుత్వం నీలం గోర్హే అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ ప్రాంతపు మిల్లుల నుంచి కోకా కోలా, పెప్సీ కంపెనీలకి పంచదార వెళ్తోందని 2024 కథనం చెప్పింది.

కడుపులో బిడ్డ కోసం నా రక్తంలో గ్లూకోజుని పాయింటుతో సహా లెక్కపెట్టారు. అక్కడ నా ఈడు ఆడవాళ్లు ఆ తీపిని పండించడానికి కడుపే తీయించుకుంటున్నారు. నేను సీసా మానేసినంత మాత్రాన వాళ్లకి ఒరిగేదేమీ లేదని తెలుసు. వాళ్లకి కావలసింది విడిగా లెక్కకొచ్చే కూలీ, నీళ్లు, మరుగుదొడ్డి, సెలవు. కానీ నా ఒక్కదాని స్వేచ్ఛ అనుకుని మూత తిప్పిన సీసాలో ఇంకో ఆడమనిషి చాకిరీ లేదనుకున్నాను చూడండి, అది అబద్ధం. చాకిరీ మా వంటింట్లోంచి నాకు కనబడని తోటలోకి వెళ్లింది, అంతే.

సరే, మరి ఏం తాగాలి? "హాయిగా మజ్జిగ తాగొచ్చుగా, రెండు నిమిషాల పని" అన్నాడు నా సహచరుడు. మంచి సలహాయే. కానీ మజ్జిగకి ముందు పెరుగుండాలి. పెరుగుకి రాత్రి పాలు కాచి, చల్లార్చి, తోడు పెట్టడం గుర్తుండాలి. తోడుకి కాస్త పెరుగు దాచాలి. మీగడ అంటిన గిన్నె కడగాలి. మన సంప్రదాయ పానీయాలు ఎంత ఆరోగ్యకరమో చెప్పే వ్యాసాలు ఎన్నో వస్తున్నాయి. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు, రాగి అంబలి. వాటిని నానబెట్టేదీ కాచేదీ ఎవరో వాటిలో ఎక్కడా ఉండదు. ఆరోగ్యం పేరుతో వంటింట్లో మరో గంట చాకిరీ వచ్చి చేరుతుంటే దాన్ని ఆరోగ్యం అందామా?

ఆ రాత్రి మా ఇంట్లో దీని మీద చాలాసేపే వాదన జరిగింది. చివరికి తోడు పెట్టే పని అతనిదైంది. మొదటి వారం మూడుసార్లు మర్చిపోయాడు. ఆ మూడు రోజులూ మంచినీళ్లు తాగాం. తలనొప్పి నన్ను వారం పైనే వేధించింది. అది కోలాలోని కెఫీన్ మానినందుకట. సీసా రోజుకొకటి నుంచి రెండు రోజులకొకటి, తర్వాత వారానికొకటి అయింది. కొన్నాళ్లు ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా సాయపడింది. నాకు కావలసింది తీపి కంటే ఎక్కువగా ఆ 'స్‌స్' చప్పుడేనని అప్పుడర్థమైంది.

చివరగా, ఇన్నాళ్లూ రాయలేకపోయిన సంగతి. 2018లో అమ్మ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. డయాలసిస్ మొదలయ్యాక రోజుకి ఎన్ని మి.లీ. తాగాలో కాగితం మీద రాసిచ్చారు. నీళ్లు కొలిచి ఇచ్చే డ్యూటీ నాది. పోవడానికి నెల ముందు, ఒక మధ్యాహ్నం మామయ్య వాళ్లు చూడ్డానికొచ్చారు. తమ్ముడు కూల్ డ్రింక్ తెచ్చాడు. అమ్మ మంచం మీంచి, "నాక్కూడా కాస్త గ్లాసులో పోసివ్వవే" అంది.

గ్లాసులో అంది.

నేను ఆవిడకి కోలాలో ఉండే ఫాస్ఫరస్ గురించీ, పాడైన మూత్రపిండాలకి అది చేసే హాని గురించీ ఉపన్యాసం ఇచ్చాను. నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పటికీ పోసి ఉండాల్సిందని ఖాయంగా అనలేను. కానీ అమ్మ నలభై ఏళ్లలో మొదటిసారి అందరితో సమానంగా గ్లాసు అడిగిందన్న సంగతి, తెలుగు స్త్రీల కవిత్వంలో వంటింటి మీద డాక్టరేట్ ఉన్న నాకు అప్పుడు వినబడలేదు. ఆ గ్లాసులో కొలిచిన మంచినీళ్లయినా పోసి, మామయ్య పక్కన కూర్చోబెట్టి ఇచ్చి ఉండొచ్చు కదా.

ఇప్పుడు నెలకోసారి చిన్న సీసా కొంటాను. గాజు గ్లాసులో పోసుకుని, హాల్లో కూర్చుని తాగుతాను. నా నాలుగేళ్ల కూతురు వచ్చి, "అమ్మా, అది మంచిది కాదన్నావుగా?" అని అడుగుతుంది. కాదనే చెప్తాను. ఎందుకు తాగుతున్నానో దానికి ఇంకాస్త పెద్దయ్యాక చెప్పాలి.