గిన్నెల చెట్టు చూశారా?

సెలవులకు పిల్లలతో ఢిల్లీ వెళ్తున్నారా? ఎర్రకోట, కుతుబ్ మీనార్ ఎలాగూ చూస్తారు. ఇండియా గేట్ దగ్గరే, జైపూర్ హౌస్‌లో 1954 నుంచి ఉన్న నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కి కూడా ఓ పూట కేటాయించండి. సోమవారం మాత్రం సెలవు. 'ఆ బొమ్మలు మనకేం అర్థమవుతాయి, పిల్లలడిగితే ఏం చెప్తాం?' అని నేనూ జంకినదాన్నే.

ఆవరణలోనే ఆ జంకు సగం తీరింది. సుబోధ్ గుప్తా చేసిన స్టీలు మర్రిచెట్టు, 2014లో అక్కడ పెట్టారు. కొమ్మలకి ఆకుల బదులు మన గిన్నెలూ, బకెట్లే! "అమ్మా, మన వంటింటి చెట్టు!" అంటూ మా చిన్నాడు ఒకటే గెంతులు. రోజూ తోమి తోమి విసుగెత్తే గిన్నెల్ని మెడెత్తి మరీ చూశాననుకోండి!

లోపల అన్నీ చూపించాలనుకోకండి, పిల్లలకి కాళ్ళు లాగుతాయి. అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన 'ముగ్గురు అమ్మాయిలు' కనిపిస్తే మాత్రం ఆగండి.

"వీళ్ళు మాట్లాడుకోరేంటమ్మా?" అంది మా పాప. ఏం చెప్పను? "నీకేమనిపిస్తోంది?" అని ఎదురడిగాను.

చాలాసేపు చూసి, "ఆ అక్కకి పెళ్ళి కుదిర్చారేమో. ఇష్టమో లేదో ఎవరూ అడగలేదేమో" అంది. పదకొండేళ్ళ పిల్ల!

ఇద్దరం అక్కడే నిలబడిపోయాం. చిన్నాడు మాత్రం గిన్నెల చెట్టు దగ్గరికే పదమని కొంగు లాగుతున్నాడు.