వెనక్కొచ్చిన ఫొటో

పోటీకి రెండు ఫొటోలు ఇచ్చాను. ఒకటి గెలిచింది. నేను చెప్పాలనుకుంటున్నది రెండోదాని గురించి.

1999లో నంద్యాలలో బి.ఏ. చదువుతున్నాను. ఎండాకాలం ఎగ్జిబిషన్‌లో, జెయింట్ వీల్ పక్క రేకుల షెడ్డులో, ఔత్సాహికులకు ఫొటోల పోటీ పెట్టారు. అంశం ‘మన పండుగలు’. ప్రింటు అట్టకు అంటించి ఇవ్వాలి. ముందువైపు పేరుండకూడదు, వెనక చీటీ. నాకు సొంత కెమెరా లేదు. స్టూడియోలో పనిచేసే దోస్తు దగ్గర అరువు తెచ్చిన యాషికాతో తీసినవే రెండూ.

మొదటిది అహోబిలం పారువేట. కనుమ నాడు బయలుదేరి జ్వాలా నరసింహుడూ ప్రహ్లాద వరదుడూ ఒకే పల్లకిలో ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతారు. తన పెళ్లికి స్వామి తనే వచ్చి జనాన్ని పిలుస్తాడని నమ్మకం. చిన్నప్పుడు నానీ వాళ్లూరికి పల్లకి వస్తే మేమూ ఎదురు పోయేవాళ్లం. పిలిచింది మమ్మల్ని కూడాననే అనుకునేవాళ్లం.

రెండోది అదే ఊళ్లో, 1998 మేలో, పీర్ల పండుగ. రాత్రి. గుండం మండుతోంది. ఫ్లాష్ వేస్తే నిప్పు చచ్చిపోతుంది. అందుకే చావిడి స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాను. పీరు ఎత్తుకున్నది ముసల్మాను కాదు, ఒక బోయ రైతు. మా వైపు ఇదేం వింత కాదు. దస్తగిరులు, మస్తానమ్మలు, హుస్సేనప్పలు హిందువుల ఇళ్లల్లో ఎందరో. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామికి మొక్కే జనంలో ఎవరు ఎవరని ఎవరూ అడగరు. ముఖం మీద నిప్పు ఎరుపు, చెంపల మీద చెమట, వెనక చీకట్లో పట్టు దట్టీలు. నిజం చెప్పాలంటే పల్లకి ఫొటో కన్నా ఇదే బాగా వచ్చింది.

పల్లకికి రెండో బహుమతి. స్టేజీ మీద నా పేరు చదివిన పెద్దాయన ఒక్క క్షణం ఆగాడు. “ముస్లిం అయ్యుండి కూడా మన సంస్కృతిని ఎంత బాగా చూపించాడో చూడండి” అన్నాడు మైకులో. చప్పట్లు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మీద నాకిప్పటికీ కోపమే.

అట్టలు తెచ్చుకోడానికి పోతే పీరు ఫొటో వెనక పెన్సిలుతో రాసి ఉంది: మతపరమైనది. అడిగాను. “అది మీ పండుగ కదా బాబూ, అంశమేమో మన పండుగలు” అని మర్యాదగానే చెప్పారు. మా ఇంటి ఉర్దూలో ‘హమారా’ ఒక్కటే. తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ‘మన’ అంటే ఎదుటివాణ్ని కూడా కలుపుకున్నట్టని బళ్లో చదువుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూస్తూనే, నన్ను కలుపుకోకుండా ‘మన’ అన్నాడు. నరసింహుడి పల్లకి సంస్కృతి అయినప్పుడు బోయ రైతు ఎత్తుకున్న పీరు మతం ఎట్లయిందని అడగాల్సింది. అడగలేదు.

ఇంట్లో ఇంకో పంచాయితీ. జమాత్‌లో తిరిగే మామూ “తస్వీరే గునా. పైగా పీర్లా? బిద్‌అత్!” అన్నాడు. కమిటీవాళ్లకేమో అది మరీ ఇస్లాం, మామూకేమో అసలు ఇస్లామే కాదు. అబ్బా మాత్రం ఊరేగింపుల్లో కెమెరా పట్టుకుని తిరగొద్దన్నాడు, అంతే. 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావుకు అయిదు లక్షలకు పైగా మెజారిటీ ఇచ్చిన నంద్యాల ఓటర్లలో ఆయనొకడు. మరుసటి ఏడు డిసెంబర్ 6న, తను ఓటేసిన మనిషి ప్రధానిగా ఉండగానే, బాబ్రీ మసీదు కూలింది. అప్పట్నించీ గుంపు కనపడితే అబ్బా పక్కసందులోకి తిరిగేవాడు.

వెనక్కొచ్చిన అట్టను ఆ రైతుకే ఇచ్చేశాను. మొన్న ఆళ్లగడ్డ మీదుగా పోతూ ఆ ఊళ్లో దిగాను. ముసలివాడయ్యాడు. ఫొటో అంచులు పసుపుబారి, నరసింహస్వామి క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతోంది.

“బాగుందా మామా?” అన్నాను.

“యాడ బాగుంది సాయిబూ, కండ్లు మూసుకోని పడితి. అప్పుడే చెప్దామనుకుంటి. ఇంగోటి తీయరాదా?”

దగ్గరికి పోయి చూశాను. నిజమే, మూసుకునే ఉన్నాయి. జేబులోంచి ఫోను తీశాను.