గుణింతం చేసిన తాళంచెవి

పిల్లలూ! ఇంటికి తాళం ఉన్నట్టే ఈ కాలంలో ఉత్తరాలకూ, డబ్బుకూ, దరఖాస్తులకూ కూడా తాళాలు ఉన్నాయి. వాటి తాళంచెవినే పాస్‌వర్డ్ అంటారు.

నేను బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉన్నది. తండ్రి కూలిపనికి వెళతాడు. ఉపకారవేతనం వస్తే తప్ప ఆమె చదువు సాగదు. దరఖాస్తు పెట్టేటప్పుడు, "తాతగారూ, తమ్ముడి పేరూ, వాడు పుట్టిన సంవత్సరమూ కలిపి పాస్‌వర్డ్ పెట్టుకోనా?" అని అడిగింది.

ఊరందరికీ తెలిసినది తాళంచెవి ఎట్లా అవుతుంది? మన మనసుకు తోచిన మాట దొంగకూ తోస్తుంది. అందుచేత ఎంపికను మనసుకు వదలకుండా పాచికకు వదలాలి. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన 7,776 మాటల పట్టిక తయారుచేసి, ఒక్కొక్క మాటకు అయిదుసార్లు పాచిక వేసి ఏరుకునే పద్ధతి చెప్పాడు. మనకు అంత పట్టిక అక్కరలేదు. గుణింతం ఉన్నది గదా!

క, గ, త, న, ప, మ - ఈ ఆరింటినీ నిలువుగా రాయండి. అ, ఆ, ఇ, ఉ, ఎ, ఒ - ఈ ఆరింటినీ అడ్డంగా రాయండి. పాచిక మొదటిసారి వేస్తే హల్లు, రెండోసారి వేస్తే అచ్చు వస్తాయి. 6, 4 పడితే "ము". ఇట్లా ఎనిమిది అక్షరాలు తియ్యండి. మాకు "ముగపొతి నాకెమతు" అని వచ్చింది. అర్థం లేదు, కాని చెమ్మచెక్క ఆడుతూ నాలుగుసార్లు అనేసరికి ఆ అమ్మాయికి నోటికి వచ్చేసింది. ఇంగ్లీషు అక్షరాలలో కొట్టేటప్పుడు దీర్ఘానికి "ఎ" రెండుసార్లు కొడితే సరి.

ఇందులో బలమెంత? 36ను ఎనిమిదిసార్లు వేసి హెచ్చిస్తే 2,82,110 కోట్లకు దగ్గరగా వస్తుంది. మన పట్టిక దొంగ చేతికి చిక్కినా, పాచిక ఎట్లా పడిందో వాడికి తెలియదు. అయితే కంప్యూటరు ఎన్నో పలుకులను చకచకా పరీక్షించగలదు. కనుక డబ్బు వ్యవహారాలకు పది అక్షరాలైనా తియ్యండి. అంకె కావాలని అడిగితే, దాన్నీ పాచిక వేసే చివర చేర్చండి.

పైన అచ్చయిన పలుకు ఇక ఎవరికీ పనికిరాదు. ఆ అమ్మాయి కూడా వేరేది తీసుకున్నది. మీరూ ఒక్కొక్క తాళానికి ఒక్కొక్క పలుకు తీసుకోండి. నోటికి రావాలి గాని, నోరు దాటి బయటికి రాకూడదు సుమా!