పసుపు వెలుగులో అనంతగిరి దారి

మాదాపూర్‌లో రాత్రి పదింటికి కూడా ఆకాశం నల్లబడదు. సైబర్ టవర్స్ కూడలి నుంచి మైండ్‌స్పేస్ దాకా, అక్కడి నుంచి గచ్చిబౌలి దాకా అద్దాల గోడల వెలుగు, ఫ్లైఓవర్ల దీపాలు, దుర్గం చెరువు తీగల వంతెన మీద మారే రంగులు అన్నీ కలిసి మబ్బులకు లేత నారింజ రంగు పులుముతాయి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజుల్లో చుట్టూ ఉన్నవి బండలూ తుప్పలే. రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైటు ఇప్పుడు ఖాజాగూడ గుట్టల్లోనూ, అక్కడక్కడా భవనాల సందుల్లోనూ మిగిలింది. ఆ మిగిలినదాన్నైనా బద్దలు కొట్టకుండా ఉంచాలని అటు వెళ్లినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇంత వెలుతురున్న చోట నేను చెప్పబోయేది మాత్రం ఫాగ్ లైట్ల గురించి, అంటే మంచులో దారి చూపే బండి దీపాల గురించి. ఎందుకంటే, ఈ వెలుతురంతా అప్పా జంక్షన్ వరకే. అది దాటి చేవెళ్ల రోడ్డెక్కితే డిసెంబరు తెల్లవారుజామున మనకు దారి చూపేవి బండికున్న దీపాలే. మా బావమరిది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వికారాబాద్ వైపు కొంచెం పొలం కొన్నాడు. ఆ పొలం కోసం డబుల్ క్యాబ్ పికప్ తీసుకున్నాడు. 2016లో మన శ్రీసిటీలో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి అది. ముందు నలుగురైదుగురు మనుషులు, వెనక ఎరువు బస్తాలు. ఈసారి అనంతగిరి కొండల మీద తెల్లవారాలని ఇద్దరం అనుకున్నాం. బెజవాడ నుంచి నేను వచ్చిన ప్రయాణం, పెళ్లి విందులు, బంధువుల ఇళ్లు, చార్మినార్ దగ్గర గాజుల బేరాలు వీటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. హఫీజ్‌పేట వైపు ఒక సందులో చూసిన ఆటో ఎలక్ట్రికల్ షాపు గురించి మాత్రం చెప్పాలి.

ఆ సందుకు ఒక చివర ఇరవై అంతస్తుల అపార్ట్‌మెంటు, రెండో చివర పాత బోరుబావి. మధ్యలో పంక్చర్ షాపు, వెల్డింగ్ షాపు, వాటిని ఆనుకొని మా ఉస్తాద్ దుకాణం. పదడుగుల వెడల్పుంటుందేమో. గోడ నిండా వైర్ల చుట్టలు, రిలేలు, ఫ్యూజుల డబ్బాలు. అరవై దాటిన మనిషి. కుడిచేతి బొటనవేలి గోరు సోల్డరింగ్ వేడికి నల్లబడి ఉంది. హైదరాబాద్‌లో పనితనం తెలిసిన మెకానిక్‌ను ఉస్తాద్ అంటారు. ఆయన్ని చుట్టుపక్కల వాళ్లంతా అలాగే పిలుస్తున్నారు.

ఫాగ్ లైట్లలో వేయించడానికి బావమరిది ముందే తెల్లటి ఎల్‌ఈడీ బల్బుల జత కొని పెట్టుకున్నాడు. డబ్బా మీద వెలుతురు లెక్కలు ఘనంగా ఉన్నాయి. ఉస్తాద్ వద్దనలేదు, డబ్బా పక్కన పెట్టి ముందు పాత బల్బు తీయడానికి కూర్చున్నాడు. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పించి, చక్రం వెనక ప్లాస్టిక్ కవరు క్లిప్పులు ఊడదీసి, ఆ సందులోంచి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. కనెక్టర్ ఊడిన చప్పుడు వినిపించింది. బల్బును పావు వంతు తిప్పగానే చేతిలోకి వచ్చింది. గాజు లోపల బూడిద రంగు పొర కట్టింది. ఫిలమెంటులోని టంగ్‌స్టన్ ఏళ్ల తరబడి ఆవిరై అలా అంటుకుంటుందట.

"హెచ్8, హెచ్11, హెచ్16. మూడూ అన్నదమ్ముల్లెక్క ఉంటయి సార్. ఒకటి ముప్పై అయిదు వాట్లు, ఒకటి యాభై అయిదు, ఇంకోటి పంతొమ్మిది. ఒకదాని జాగల ఇంకోటి పెట్టొద్దు" అన్నాడు, బల్బు అడుగున అచ్చేసిన అక్షరాలు చూపిస్తూ. మా బండిలో ఉన్నది హెచ్11.

వంద వాట్ల బల్బు వేయించుకుంటే పోతుంది కదా అని అడిగాను. కాలిపోయి ముడుచుకుపోయిన సాకెట్ ఒకటి తీసి ఆయన నా అరచేతిలో పెట్టాడు. లెక్క తేలికే. 12 వోల్టుల దగ్గర 55 వాట్ల బల్బు దాదాపు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, రెండింటికీ తొమ్మిది పైచిలుకు. వంద వాట్లవి పెడితే అది పదహారు దాటుతుంది. కంపెనీ వేసిన సన్నటి తీగ, ప్లాస్టిక్ సాకెట్ ఆ వేడికి ఆగవు. ఫ్యూజు పోతే అదృష్టమే. అది పోకూడదని ఇంకా పెద్ద ఫ్యూజు వేయించుకున్నవాళ్ల సాకెట్లే ఇలా కరుగుతాయన్నాడు.

ఆ తర్వాత ఆయన చేసింది చూడటానికే ఆ సాయంత్రమంతా అక్కడ గడిపినా సార్థకమే అనిపించింది. ఎడమ దీపంలో బావమరిది కొన్న ఎల్‌ఈడీ బిగించాడు. కుడి దీపంలో అదే 55 వాట్ల హాలోజెన్, పసుపు పూత ఉన్నది పెట్టాడు. హాలోజెన్ గాజుకు వేలు తగలనివ్వలేదు. ఉతికిన గుడ్డతో లోహపు అడుగు భాగమే పట్టుకున్నాడు. చేతి జిడ్డు అంటితే అక్కడ గాజు ఎక్కువ వేడెక్కి పగులుతుంది. పొద్దు గూకాక బండిని ఎదురుగా మూసి ఉన్న షట్టర్‌కు పది మీటర్ల దూరంలో నిలిపాడు. దీపం మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి, షట్టర్ మీద అంతకు 15 సెంటీమీటర్లు కిందుగా సుద్దతో అడ్డగీత గీశాడు. అప్పుడు స్విచ్ వేయమన్నాడు.

కుడివైపు పసుపు వెలుగు గీత దగ్గర కత్తిరించినట్టు ఆగింది. కింద వెడల్పుగా, నేలబారుగా, రోడ్డు రెండు అంచులదాకా పరుచుకుంది. ఎడమవైపు తెల్ల వెలుగు గీత దాటి షట్టర్ పైకి, పై అంతస్తు కిటికీ దాకా ఎగబాకింది. నడిమధ్యలో కళ్లు జిగేల్మనిపించే మచ్చ, అంచుల్లో మసక.

"ఇగో, గీత మీదికి పోయిన వెలుతురంతా మంచుల కొట్టుకొని మళ్ల మీ కండ్లల్లకే వస్తది. ఎదురుంగ వచ్చేటోని కండ్లల్లకూ పోతది" అన్నాడు ఉస్తాద్.

కారణం దీపం గిన్నెలోనే ఉంది. హాలోజెన్ కోసం చేసిన అద్దం, ఆ సన్నటి ఫిలమెంటు ఎక్కడుంటుందో అక్కడికి సరిగ్గా లెక్కకట్టి తయారవుతుంది. ఎల్‌ఈడీ చిప్పులు బల్బుకు రెండు పక్కలా ఉంటాయి, వాటి స్థానంలో ఏమాత్రం తేడా వచ్చినా కిరణాలు దారి తప్పుతాయి. మొత్తం దీపాన్నే ఎల్‌ఈడీ కోసం తయారుచేస్తే అది బాగానే పనిచేస్తుంది. పాత గిన్నెలో కొత్త బల్బు దూర్చడంతోనే చిక్కు. చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో ఇష్టమొచ్చిన మార్పులను అడ్డుకుంటుంది. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

పసుపు రంగు మంచును చీల్చుకు పోతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నిజానికి మంచు బిందువులు సాధారణంగా కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల దాకా ఉంటాయి. కంటికి కనిపించే కాంతి తరంగం ఒక మైక్రాన్ కూడా ఉండదు. అంత పెద్ద బిందువులు పసుపునూ తెలుపునూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. పసుపు చేసే మేలు మన కంటికి. నీలం పాలు తగ్గడంతో మిరుమిట్లు తగ్గుతాయి. ఫ్రాన్స్‌లో 1930ల చివరి నుంచి 1993 దాకా కార్ల హెడ్‌లైట్లన్నీ పసుపువే ఉండాలన్న నిబంధన నడిచింది. మంచులో అసలు పని చేసేది మాత్రం వెలుగు పడే చోటు. దీపం కిందుగా ఉండాలి, వెలుగు వెడల్పుగా పరుచుకోవాలి, పైకి లేవకూడదు.

"సరే బావా, పసుపువే వేయిద్దాం" అన్నాడు బావమరిది. ఉస్తాద్ రెండో బల్బు మార్చి, లెన్సుల మీది మసకను పాలిష్ చేసి, తుప్పుపట్టిన ఎర్త్ తీగ తీసి కొత్తది వేశాడు. స్క్రూ తిప్పుతూ రెండు వెలుగులనూ సుద్దగీతకు సరిచేశాడు. వేరేచోట కొన్న ఎల్‌ఈడీ జతను మళ్లీ డబ్బాలో సర్ది ఇచ్చాడు. కూలి అడిగినంత ఇచ్చి ఇరానీ చాయ్ తాగి లేచాం. ఆయన అడిగింది ఆ పనికి తక్కువే.

తెల్లవారక ముందే గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కాం. నైట్ షిఫ్ట్ వాళ్లను దింపే క్యాబులు తప్ప రోడ్డు ఖాళీ. అప్పా జంక్షన్ దగ్గర దిగి చేవెళ్ల వైపు తిరగగానే చలి మారింది. ఆ రోడ్డుకు ఒకవైపు గండిపేట, ఇంకోవైపు హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరు వరదలో మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తాక, మళ్లీ అలా జరగకూడదని కట్టించిన చెరువులివి. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మబ్బులేని, గాలిలేని చలిరాత్రి నేల చల్లబడి, తడిగాలి బిందువులై తేలుతుంది. మొయినాబాద్ దాటేసరికి ఎదురుగా తెల్లటి గోడ.

బావమరిది అలవాటుగా హైబీమ్ వేశాడు. తెల్లగోడ మరింత దగ్గరకొచ్చింది. లోబీమ్‌కు దించి ఫాగ్ లైట్లు వేయగానే ముందు రోడ్డు అంచు, ఆపైన ఎడమపక్క మర్రిచెట్టు మొదలు కనిపించాయి. ఆ పైనంతా మంచే. ముప్పై కిలోమీటర్ల వేగానికి మించకుండా ఒక్కో చెట్టు మొదలూ లెక్కపెట్టుకుంటున్నట్టు వెళ్లాం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీయాలా వద్దా అన్న వివాదం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇదే దారిలో మీర్జాగూడ దగ్గర 2025 నవంబరు 3న బస్సును కంకర టిప్పర్ ఢీకొని ఇరవై మంది దాకా పోయారు. రోడ్డు వెడల్పు కావలసిందే, చెట్లూ నిలవాలి. రెండూ సాధ్యమేనని నమ్ముతాను. కొత్త వరసలను చెట్లకు అవతలగా వేసుకోవచ్చు.

మంచులో మొదట కనిపించిన మనిషి పాలవాడు. మోపెడ్‌కు రెండు పక్కలా క్యాన్లు, తలకు మఫ్లర్, వెనక దీపం లేదు. పసుపు వెలుగు అతని చెప్పులకూ క్యాన్ల అడుగుకూ తగిలింది, ముఖానికి తగల్లేదు. మా వైపు చూసి, కళ్లు చిట్లించకుండానే పక్కకు జరిగాడు. ఉస్తాద్ సుద్దగీత ఎవరి కోసమో నాకు అక్కడ తెలిసింది.

మన్నెగూడ దగ్గర టీ కొట్టు ముందు బొలెరో పికప్ ఆగి ఉంది. వెనక చామంతి మూటలు, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు. డ్రైవర్ మా బంపర్ వైపు వంగి చూశాడు.

"మంచిగ పెట్టిచ్చినవ్ అన్నా" అన్నాడు బావమరిదితో. "పొద్దుగాల మీరు కొండలకొస్తరు, మేం పట్నం పోతం. తెల్ల లైటు మొకం మీద కొడ్తే ఒక్క నిమిషం ఏం కనవడది. గా నిమిషంలనే మర్రిచెట్టు ఉంటది."

అతని బండికి ఫాగ్ లైట్లు లేవు. ఇన్నేళ్లుగా ఆ దారిన పూలు మోస్తున్నది ఎదుటివాళ్ల దయ మీదే. చాయ్ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

వికారాబాద్ దాటి కొండెక్కేసరికి తెల్లారింది. నిజాం కాలపు క్షయ వైద్యశాల ఇక్కడే ఎందుకు పెట్టారో ఆ గాలి పీలిస్తే తెలుస్తుంది. అనంత పద్మనాభస్వామి గుడి మెట్ల కింద ఊరే నీటినే మూసీ పుట్టుక అంటారు. గండిపేట నిండేదీ, నగరం మురుగు మోసేదీ, చివరికి వాడపల్లి దగ్గర మా కృష్ణలో కలిసేదీ ఈ నీరే. దర్శనం చేసుకుని, పొలంలో కందులు చూసుకుని, ఎండెక్కాక వెనక్కి తిరిగాం.

ఐటీ కారిడార్ నుంచి వారాంతాల్లో కొండలకు వెళ్లే బండ్లు ఏటికేడు పెరుగుతున్నాయి. మంచు పడే కాలం మొదలవగానే బండిని ఒక గోడ ముందు పది మీటర్ల దూరంలో నిలిపి, దీపం మధ్యభాగం ఎత్తుకు 15 సెంటీమీటర్లు కిందుగా సుద్దతో గీత గీసి, వెలుగు దాన్ని దాటుతోందేమో చూసుకోండి. దాటితే దించుకోండి. ఆ కాస్త పనితో పాలవాడూ పూలబండీ క్షేమంగా ఇల్లు చేరతారు, మనమూ చేరతాం.