తొడ యెముకయు రేసు బండియు

వినోదమునకై వెచ్చించు ధనమంతయు వృథావ్యయమని మా యింటి పెద్దలు తలంచెడివారు. నేను మాత్రము, ముందుగ లెక్క తెలిసిన వ్యయము గృహస్థును కూలద్రోయజాలదని నమ్మి, మదరాసు చేరువ శ్రీపెరుంబుదూరు సమీపముననున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాకుపై, 3.7 కిలోమీటర్లకు పైబడిన ఆ వలయమును మోటారు సైకిలుపై చుట్టివచ్చుటకు ఏటేటా కొంత సొమ్మును, బియ్యమునకును బడి ఫీజులకును పద్దులు వ్రాసిన చేతితోనే, వేరొక పద్దుగ వ్రాసి యుంచుచు వచ్చితిని. లైసెన్సు, ఎంట్రీ ఫీజు, తోలు సూటు, వీపు కవచము, టైర్లు, హైదరాబాదు నుండి బండిని చేర్చు వ్యాను కిరాయి, మెకానిక్కు బత్తెము — ఇవన్నియు వ్రాసి, ఔత్సాహికునకు దక్కు బహుమతి సొమ్ము టైర్ల వెలకైనను చాలదు గనుక ఆదాయపు గడిలో సున్న చుట్టి, ఆ పద్దు అడుగంటిన నాడే, పందెములింకను మిగిలియున్నను, నా సీజను ముగిసినదని బండిపై గుడ్డ కప్పెడివాడను.

ఆ పద్దులో 'పడుట' యను ఉపపద్దు కూడ నొకటి గలదు. రోడ్డు బండికి మనము కట్టు మోటారు బీమా పత్రమును తిరగవేసి చూచినచో, నిర్వాహకులు జరుపు పందెములకును వేగపరీక్షలకును అది వర్తింపదని వ్రాసియుండును. కావున ట్రాకుపై జారిపడినపుడు విరుగు క్లచ్ లీవరు, ఫుట్‌రెస్టు, ఫెయిరింగుల వెల నడపువాని జేబునుండియే పోవలెను. దేహమునకు సంబంధించిన నిబంధన వేరు. సాధారణ ఆరోగ్య బీమాలో మోటారు పందెములు మొదలగు సాహసక్రీడల మినహాయింపు, వానిని వృత్తిగా చేపట్టినవారిని ఉద్దేశించి వ్రాయబడినది; వ్యక్తిగత ప్రమాద బీమా పత్రములలో ననేకము అంతకంటె కఠినములు. ఈ రెంటిని సంతకమునకు ముందే చదివి, ట్రాకున కాలు విరిగిన నేది వచ్చును, ఏది రాదు అని ఒక కాగితముపై వ్రాసికొని, చాల జాగ్రత్తపరుడనని సంతసించి యుంటిని.

కాలు విరిగినది ట్రాకున గాదు. తొడలకు సత్తువ చేకూరుటకై తెలతెలవారగ గండిపేట దారిలో త్రొక్కెడి సైకిలుపై పోవుచుండగా, వెనుకనుండి వచ్చిన యొక వాహనము నన్ను త్రోసివైచి ఆగక పోయినది. తొడ యెముకయు కాలర్ బోనును విరిగినవి. ఆసుపత్రిలో మా తమ్ముడు, "అన్నా, సింగిల్ రూమ్ తీసుకుందామా?" యని యడుగగా, అంతటి బాధలోను, "వద్దురా, పాలసీలో ఉన్న గదే తీసుకో" యంటిని. గది అద్దెకు పరిమితి గల పాలసీలో దానిని మించిన గదిని కోరినచో, అద్దెలోని తేడా మాత్రమే గాక, వైద్యుల ఫీజులు మొదలగు వానిని గూడ అదే నిష్పత్తిలో కోసివేయుదురు. తొడలో లోహపు కడ్డీ దిగిన నాటి బిల్లులో అత్యధిక భాగము ఈ యొక్క మాటవలన బీమా సంస్థయే చెల్లించినది.

అసలు నష్టము బిల్లులో లేదు. ఇండ్ల నక్షాలు గీచి, కట్టడముల చెంత నిలిచి పని చూచుకొని బ్రతుకు నావంటివానికి జీతపు సెలవు ఉండదు. కర్రల ఊతతో నడచు మాసములలో ఆరోగ్య బీమా రాబడిని గూర్చి పల్లెత్తు మాట యనదు. నన్నప్పుడు ఆదుకొన్నది, పనిచేయలేని కాలమునకు వారమునకింతయని, బీమా మొత్తములో నూటికి ఒక వంతు చొప్పున, గరిష్ఠ పరిమితికి లోబడి చెల్లించు ప్రమాద పాలసీ. ప్రీమియము స్వల్పమగుటచే దానిని మనవారు చిన్నచూపు చూతురు. సంపాదించువాని దేహమే మూలధనమైన యింట, నా దృష్టిలో, ముందు కొనవలసినది అదియే. వాహనము దొరకలేదు గనుక, 2022 ఏప్రిలు 1 నుండి తీవ్రగాయమునకు 12,500 నుండి 50,000 రూపాయలకు పెంచిన హిట్ అండ్ రన్ పరిహారమునకు గూడ అర్జీ పెట్టుకొంటిని.

ఈలోగ బంధువులందరును రేసు బండిని అమ్ముమనిరి. వారి మాటలో ప్రేమ యున్నది గాని లెక్క లేదు. దీపములు తీసివేసి, రోడ్డుకు పనికిరాకుండ మార్చిన రేసు బండిని కొనువారు కొలదిమంది. అమ్మువాడు మంచముపై నున్నాడని తెలిసిన వారు ఇంకను తక్కువ యిత్తురు. బండికి బదులు ఫిక్సెడ్ డిపాజిట్టునే గడువునకు ముందు విరచినచో వడ్డీలో కొంత పోవును. డిపాజిట్టును విరవక దానిమీదనే ఋణము తీసికొన్నచో, దానిపై వచ్చు వడ్డీకంటె నూటికి ఒకటి రెండు ఎక్కువ చెల్లించిన చాలును. నేను మూడవ మార్గమును పట్టితిని. ఫిజియోథెరపీ ఫీజులు, ఇంటి అద్దె ఆ ఋణమునుండియే నడచినవి; పని మరల చేతికి వచ్చిన పిమ్మట ఋణము తీరినది.

ఇప్పుడు సైకిలును, ఔటర్ రింగ్ రోడ్డు ప్రక్కన సౌరఫలకముల కప్పు క్రింద 23 కిలోమీటర్లు సాగు బాటపైననే త్రొక్కుచున్నాను. ఈ యేడు పందెములకు పేరు ఈయలేదు. పోటీ లేని ట్రాక్ డేలకు మాత్రము పోవుదును. తొడలోని కడ్డీని తీయవలసియుండునో, అట్లే యుంచవచ్చునో వైద్యులు ఇంకను తేల్చలేదు. తీయవలసివచ్చినచో పాలసీ చెల్లింపని భాగమును, పనిలేని వారముల యింటి ఖర్చును అంచనా వేసి యొక చిన్న డిపాజిట్టుగ నుంచితిని. అక్కరలేదని వారనినచో ఆ సొమ్ము టైర్ల పద్దునకు పోవును. ఈ సంగతి నా భార్యకు ఇంకను చెప్పలేదు.