ఉప్పు మడి గట్టు మీద ఆవర్తన పట్టిక

చెన్నై–హౌరా రైలు మార్గంలో కోటబొమ్మాళి దాటాక నౌపడ జంక్షన్ వస్తుంది. గుణుపురం లైను చీలేది ఇక్కడే. స్టేషన్ వదిలి సముద్రం వైపు సాగితే పచ్చదనం పలచబడి, ఎండకు కళ్లు చెదిరేంత తెలుపు మొదలవుతుంది. ఎటు చూసినా గట్లు, గట్ల మధ్య మళ్లు, పక్కన తాటాకు కప్పిన ఉప్పు రాశులు. ఆంధ్ర తీరంలో ఉప్పు అనగానే చినగంజాం, ఇసకపల్లితో పాటు చెప్పుకునే పేరు నౌపడ.

నేను వెళ్లింది ఏప్రిల్‌లో, ఉప్పు బాగా దిగే రోజుల్లో. ఆ చుట్టుపక్కల ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికరసాయన శాస్త్రం చెప్పే మేస్టారు నాకు పాత స్నేహితుడు. వచ్చే ఏడు పదో తరగతికి వెళ్లే పిల్లల్ని మళ్లకు తీసుకొస్తున్నాను, నువ్వూ రా అని పిలిచారు. పరమాణువులు, బంధాలు, ఆవర్తన పట్టిక అనే మూడు పాఠాలూ పుస్తకంలో విడివిడిగా ఉంటాయి. ఆ మూడూ ఒకే చోట, ఒకదాని వెంట ఒకటి, కళ్లెదుట జరిగే చోటు ఉప్పు మడి అని ఆయన నమ్మకం. ఆ పూట అయ్యేసరికి అది నా నమ్మకం కూడా అయింది.

పోటు నీరు లోపలికొచ్చే కాలువ దగ్గర మొదలుపెట్టాం. కిలో సముద్రపు నీటిని పూర్తిగా ఇగిరిస్తే మిగిలేది దాదాపు 35 గ్రాములు. అందులో క్లోరిన్ 19 గ్రాములు, సోడియం 11 గ్రాములకు కాస్త తక్కువ. తర్వాత సల్ఫేటు, మెగ్నీషియం. కాల్షియం, పొటాషియం చెరొక 0.4 గ్రాము. బ్రోమిన్ 0.07 గ్రాముకు కూడా అందదు. ఇవన్నీ ఇక్కడ లోహాలుగానో వాయువులుగానో లేవు. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్నవి కొన్ని, తెచ్చుకున్నవి కొన్ని, విద్యుదావేశం ఉన్న అయాన్లుగా నీళ్లలో తిరుగుతుంటాయి.

మేస్టారు ఒక పుల్ల తీసుకుని గట్టు మీది తడి మట్టిలో పట్టిక గీశారు. మొత్తం కాదు, రెండు అంచులే. ఎడమవైపు మొదటి నిలువు వరసలో సోడియం, దాని కింద పొటాషియం. రెండో వరసలో మెగ్నీషియం, కింద కాల్షియం. కుడివైపు పదిహేడో వరసలో క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్. మధ్య భాగమంతా ఖాళీ. సముద్రంలో కరిగి ఉన్న సరుకంతా దాదాపు ఈ రెండు అంచులదే కావడం యాదృచ్ఛికం కాదు. బయటి కక్ష్యలో ఒకటో రెండో ఎలక్ట్రాన్లు అదనంగా ఉన్నవి ఎడమన ఉంటాయి, ఒకటి తక్కువైనవి కుడిన ఉంటాయి. తేలిగ్గా అయాన్లయ్యేవీ, నీళ్లలో కలిసి కొండల నుంచి కడలి దాకా పోగలిగేవీ ఇవే.

అక్కడి నుంచి నీరు మడి నుంచి మడికి మారుతూ చిక్కబడుతుంది. ఎంత చిక్కబడిందో చూడటానికి గాజు హైడ్రోమీటరు ఉంది. దాని మీది అంకెను అందరూ అనేది ‘డిగ్రీ’ అనే. సముద్రపు నీరు మూడు డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. మమ్మల్ని తిప్పిన రైతుకు డెబ్బై ఏళ్లుంటాయి. ఆయన ముందు నీటి రంగు చూసి అంకె చెప్పి, తర్వాత గొట్టం ముంచి పిల్లలకు చూపించారు. తేడా లేదు.

పదమూడు డిగ్రీలు దాటిన మడిలో అడుగున సూదుల్లాంటి మెరుపు కనిపించింది. పిల్లలు ఉప్పనుకుని నాలుకకు రాసుకున్నారు. రుచే లేదు. అది కాల్షియం సల్ఫేటు, జిప్సం. సముద్రంలో సోడియం, క్లోరిన్ అంత ఎక్కువుంటే, ముందుగా విడిపోయేది ఇంత తక్కువున్న కాల్షియం ఎందుకయింది? కాల్షియం పోగొట్టుకున్నది రెండు ఎలక్ట్రాన్లు, సల్ఫేటు మీదున్నది రెండు రుణావేశాలు. రెండేసి ఆవేశాల మధ్య ఆకర్షణ గట్టిది, నీరు దాన్ని విడదీసి పెట్టలేదు. సోడియం, క్లోరిన్‌లది చెరొక ఆవేశం. వంద గ్రాముల నీరు 36 గ్రాముల ఉప్పును తనలో దాచుకోగలదు. అందుకే ఉప్పు దిగాలంటే నీరు తొలి పరిమాణంలో పదో వంతుకు పడిపోవాలి.

“డిగ్రీ అందితేగానీ ఉప్పు దిగదు బావూ. తొందరపడితే సున్నం తోడొస్తాది” అన్నారు ఆ రైతు. లవణాలు ఏ వరసలో విడిపోతాయో పుస్తకం ఒక పేజీలో చెప్పే సంగతి ఆ రెండు మాటల్లో ఉంది.

ఇరవై అయిదు డిగ్రీలు దాటిన మళ్ల దగ్గర నీటికి లేత గులాబీ రంగు వచ్చింది. అంత ఉప్పులోనూ బతికే సూక్ష్మజీవుల రంగు అది. గాలి నిలిచిన మూలల్లో నీటిపైన తెట్టులా చిన్న చిన్న పలుకులు తేలుతున్నాయి. ఒకదాన్ని వేలిమీదికి తీసుకుని భూతద్దం కింద పెట్టాను. నలుచదరపు అంచు, లోపల మెట్లు మెట్లుగా దిగే గుంట. తలకిందులుగా తేలుతున్న డొల్ల పిరమిడ్ అది. అంచులు ముందు పెరిగి, మధ్య భాగం వెనకబడితే ఇలా తయారవుతుంది. బరువెక్కితే మునిగి, అడుగున కూచుని, మామూలు కళ్లుప్పవుతుంది. అడుగు నుంచి తీసిన ఒక లావు ఉప్పు పలుకును మేస్టారు కత్తి అంచుతో కొట్టారు. చిన్న దెబ్బకే నున్నగా, లంబకోణంలో చీలింది. ఆ ముక్కను మళ్లీ కొట్టారు. మళ్లీ లంబకోణమే.

ఎందుకలా అన్నదానికి జవాబు లోపలుంది. సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లు, చుట్టూ 11 ఎలక్ట్రాన్లు. కక్ష్యల వారీగా 2, 8, 1. క్లోరిన్‌లో 17; కక్ష్యల వారీగా 2, 8, 7. సోడియం ఒకటి వదులుకుంటే నియాన్ అమరిక, క్లోరిన్ ఒకటి తెచ్చుకుంటే ఆర్గాన్ అమరిక. ఇంతవరకూ అందరికీ తెలుసు. దీన్ని చెప్పే తీరు మీదే నాకు అభ్యంతరం. సోడియం ఇష్టంగా ఇచ్చింది, క్లోరిన్ పుచ్చుకుంది, ఇద్దరూ జతకట్టారు అని చెబుతాం. సోడియం ఏమీ ఇష్టంగా ఇవ్వదు. ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఆ ఎలక్ట్రాన్లు ఊడదీయడానికి 496 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. వాటిని పుచ్చుకున్నందుకు క్లోరిన్ పరమాణువులు వెనక్కిచ్చేది 349 మాత్రమే. ఇచ్చిపుచ్చుకోవడం దగ్గరే ఆగితే నష్టం. ఆ నష్టాన్ని పూడ్చి లాభం తెచ్చేది తర్వాతి ఘట్టం: ధన, రుణ అయాన్లు మూడు దిక్కుల్లోనూ ఒకటి విడిచి ఒకటి సర్దుకుని స్ఫటికంగా కూడినప్పుడు దాదాపు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. బంధం ఉన్నది ఆ కూర్పులో. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియాలు. ఇది దీని జత అని వేలు పెట్టి చూపడానికి లేదు. అందుకే ఉప్పుకు అణువు లేదు. మనం రాసే సూత్రం ఒకటికి ఒకటి అనే నిష్పత్తిని చెబుతుందంతే. మిల్లీమీటరు పొడవున్న అంచు మీద ఇలాంటి అయాన్లు దాదాపు 35 లక్షలు బారుతీరి ఉంటాయి. దెబ్బకు ఒక పొర కాస్త జరిగితే చాలు, ధనం ఎదుటికి ధనం, రుణం ఎదుటికి రుణం వచ్చి వికర్షించుకుంటాయి, స్ఫటికం ఆ తలం వెంట చీలుతుంది. కత్తి దెబ్బ చూపించింది అదే.

ఈ కూర్పును ఎక్స్ కిరణాలతో బయటపెట్టింది విలియం బ్రాగ్, ఆయన కొడుకు లారెన్స్, 1913లో. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. అయినా పెద్ద పెద్ద రసాయనవేత్తలకే ఇది మింగుడుపడలేదు. ఉప్పులో అణువులు లేవు, చదరంగం గళ్లలా అయాన్లున్నాయంటే నమ్మమంటారా అని హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1927లో నేచర్ పత్రికకు ఘాటుగా ఉత్తరం రాశారు. అంత పండితుడికే కష్టమైన ఊహను పద్నాలుగేళ్ల పిల్లలకు బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి ముగించడం న్యాయం కాదు. ఒక్క ఉప్పు పలుకు పగలగొట్టి చూపితే సగం పని అవుతుంది.

వాన పడితే ఏమవుతుంది తాతా అని ఒక పిల్ల అడిగింది. “ఏటవుతాది, పడ్డ కష్టం నీరైపోతాది” అన్నారాయన. అంత గట్టి కూర్పు వానకు ఎందుకు నిలవదన్నది రెండో రకం బంధం కథ. నీటిలో ఆక్సిజన్, హైడ్రోజన్‌లు ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకోవు, పంచుకుంటాయి. పంపకం సమానం కాదు. ఆక్సిజన్ తనవైపు ఎక్కువ లాక్కుంటుంది. దాంతో నీటి అణువుకు ఒక వైపు కొంచెం రుణం, రెండో వైపు కొంచెం ధనం. స్ఫటికం మూలల్లోని సోడియం చుట్టూ ఆక్సిజన్ వైపు, క్లోరైడ్ చుట్టూ హైడ్రోజన్ వైపు మూగి, ఒక్కొక్కటిగా పీకి తీసుకుపోతాయి. వేసవిలో ఒక్క అకాల వర్షం మళ్లను మళ్లీ మొదటికి తెచ్చేది ఈ బలంతోనే.

ఉప్పు లాగాక మడిలో మిగిలిన నీటిని చూడటానికి నేను ప్రత్యేకంగా ఆగాను. వేళ్ల మధ్య రాస్తే జిడ్డుగా ఉంది. చుక్క నాలుకకు తగిలితే చేదు. “ఈ నీరు ఇంకా ఉంచితే ఉప్పు సేదెక్కిపోతాది. ఒగ్గీయాల” అంటూ రైతు గండి కొట్టించారు. సోడియం చాలావరకు వెళ్లిపోయిన ఆ నీటిలో పేరుకున్నది మెగ్నీషియం. పట్టికలో సోడియానికి పక్క గడే. ఒక్క ప్రోటాన్ ఎక్కువ, అంతే. కానీ అది రెండు ఎలక్ట్రాన్లు వదులుకుని, చిన్నదై, తన చుట్టూ ఆరు నీటి అణువుల్ని పట్టుకుని వదలదు. కడగని ఉప్పు వానాకాలంలో డబ్బాలో చెమ్మగిల్లేది అందులో మిగిలిన మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమను లాగడం వల్లనే. ఒక్క గడి జరిగితే గుణం ఎంత మారుతుందో ఇంతకన్నా బాగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

ఆ చేదు నీటికి రసాయన చరిత్రలో పెద్ద చోటే ఉంది. 1826లో ఫ్రాన్సులోని మోంపెల్యే దగ్గర ఉప్పు మళ్లలో మిగిలిన ఇలాంటి నీటిలోకి ఆంత్వాన్ బలార్ అనే యువకుడు క్లోరిన్ పంపాడు. నీరు పసుపెక్కింది. ముదురు ఎరుపు ద్రవమొకటి బయటికొచ్చింది. అది బ్రోమిన్. పట్టికలో బ్రోమిన్ పైనున్న క్లోరిన్‌కు ఎలక్ట్రాన్‌ను లాక్కునే శక్తి ఎక్కువ. బ్రోమైడ్ దగ్గరున్నదాన్ని తాను పట్టుకుని, బ్రోమిన్‌ను విడిగా తోసింది. గుజరాత్‌లోని కచ్ తీరంలో ఇప్పటికీ ఇదే సూత్రంతో ఉప్పు మళ్ల నీటి నుంచి బ్రోమిన్ తీస్తున్నారు. నౌపడలో నా ఎదుట ఆ నీరు కాలువ దారి పట్టింది. చూస్తుంటే బాధ కలిగింది.

బలార్ తర్వాత మూడేళ్లకు, 1829లో, జర్మనీలో డోబెరైనర్ ఒక లెక్క గమనించాడు. క్లోరిన్ పరమాణు భారం 35.5, అయోడిన్‌ది 127. రెంటి సగటు 81కి కాస్త పైన. బ్రోమిన్ భారం 80. గుణాలూ ఆ రెంటికీ నడుమే. మూలకాల్లో కుటుంబాలున్నాయన్న తొలి గట్టి సూచనల్లో ఇదొకటి. నలభై ఏళ్లకు, 1869లో, మెండలీవ్ అప్పటికి తెలిసిన 63 మూలకాలను వరసపెట్టి, తెలియనివాటికి గళ్లు వదిలిపెట్టాడు. గాలియం 1875లో, స్కాండియం 1879లో, జెర్మేనియం 1886లో దొరికి ఆ గళ్లలో కూర్చున్నాయి. మేస్టారు ఈ కథ చెబుతున్నంతసేపూ పిల్లలు గట్టు మీది బొమ్మలో పదిహేడో వరసనే చూస్తున్నారు.

ఆ వరసలో అయోడిన్ కోసం దగ్గర్లోని ఒక చిన్న మిల్లుకు వెళ్లాం. కడిగిన ఉప్పు బెల్టు మీద సాగుతుంటే పైనుంచి పొటాషియం అయొడేట్ ద్రావణం సన్నగా పడుతోంది. ఇంటికి చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. అయొడైడ్ వాడితే మన తేమకు, వేడికి అయోడిన్ ఎగిరిపోతుంది. అయొడేట్‌లో అయోడిన్ మూడు ఆక్సిజన్‌లతో ఎలక్ట్రాన్లు పంచుకుని నిలకడగా ఉంటుంది. స్ఫటికంగా ఉన్నప్పుడు ఆ గుంపంతా కలిసి రుణావేశంతో పొటాషియానికి కట్టుబడి ఉంటుంది. రెండు రకాల బంధాలూ ఒకే పదార్థంలో.

వాన గురించి అడిగిన పిల్లే అక్కడా అడిగింది: “మేస్టారూ, అయోడిన్ కింద ఇంకోటి ఉంది కదండీ. అదీ సముద్రంలో ఉంటాదా?”

ఉండదన్నారాయన. అది ఆస్టాటిన్. 85 ప్రోటాన్ల ఆ కేంద్రకం నిలవలేదు; అన్నిటికన్నా ఎక్కువకాలం ఉండే రకం కూడా ఎనిమిది గంటల చిల్లరలో సగానికి తగ్గిపోతుంది. 1940లో బర్క్‌లీలో బిస్మత్ మీదికి ఆల్ఫా కణాలు కొట్టి తయారుచేశారు. అంత తొందరగా పోయేదాని గుణాలు ఎలా తెలుసుకుంటారని ఆ పిల్ల వదల్లేదు. పైనున్న అయోడిన్‌ను చూసి ముందు ఊహిస్తారు, తర్వాత ఉన్న కాసేపట్లో పరీక్షిస్తారు అని మేస్టారు చెబుతుండగా మిల్లు వాళ్లు మళ్లీ బెల్టు వేశారు. మిగతా మాట వినడానికి పిల్లలంతా ఆయన్ని చుట్టుముట్టి బయటికి నడిపించుకుపోయారు.