రోహిణి కార్తెలో మా యాడి పెరడు

సెలవులకి బొల్లాపల్లి మండలంలోని మా తండాకి వచ్చాను. మిరప కోతలు అయిపోయాయి, వానలు పడేదాకా కూలి పనుల్లేవు. కూరగాయలు కొనాలంటే చేతిలో డబ్బుల్లేవు. ఇంటికి ట్యాంకర్ నీళ్లు ఆరు బిందెలే.

"మనకే చాలవు, మొక్కలకెందుకు యాడీ?" అని విసుక్కున్నాను. ఆమె ఏం మాట్లాడలేదు. గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడుగు పొద్దుగూకాక పాదుల్లో పోసి, పైన ఎండాకులు కప్పేది.

వడగాలికి టమాటా పూత మొత్తం రాలిపోయింది. బెండ, గోంగూర మాత్రం తట్టుకున్నాయి. వారానికి రెండు మూడు పూటలు కూర వాటితోనే.

సొరపాదుకి మొదట అన్నీ పోతుపూలే. రోహిణి కార్తెలో ఒక ఆడపువ్వు వచ్చింది, పువ్వు కింద చిన్న సొరపిందె ఉంటుంది, అదే గుర్తు. సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పోతుపువ్వు తెంపి దాని పుప్పొడి ఆడపువ్వుకి అద్దాను. పిందె నిలిచింది!

నాలుగు రోజుల్లో కూర అనుకున్నా. యాడి కొయ్యనివ్వలేదు. "అది విత్తనానికి. ఈ ఎండకి నిలిచిన కాయ గింజలే దాచాలి" అంది.

డిగ్రీ చదువుతున్న నేను నీళ్ల లెక్క ఒక్కటే చూశాను. ఆమె వచ్చే ఏడాది లెక్క కూడా చూసింది.

మీ ఇళ్లల్లో ఏ విత్తనాలు దాస్తారో అడిగి రాయండి.